అకర్మక క్రియ

పెదజాలారిపేట హైస్కూల్లో ఎనిమిదో తరగతి, బి సెక్షన్.
కిటికీలోంచి ఉప్పుగాలి వచ్చి
బోర్డు మీద సుద్దని చెమరుస్తుంది.
ఏ అక్షరమూ పూర్తిగా తెల్లగా ఉండదు ఇక్కడ.

రెండు నెలల తర్వాత ఎల్లాజీ వచ్చాడు.
గుండు మీద వెంట్రుకలు అప్పుడే మొలుస్తున్నాయి.
వెనక బెంచీ గుంటలు మోచేతులతో పొడుచుకున్నారు.
హాజరు పిలిస్తే "ప్రెజెంట్ మేడమ్" అన్నాడు,
ఎప్పటికంటే కాస్త గట్టిగా.

ఆ పూట పాఠం, వాక్యంలో భాగాలు.
కర్త, కర్మ, క్రియ అని మూడు గళ్లు గీశాను.
ఉదాహరణ ఎవరు చెబుతారు అన్నాను, అలవాటుగా.
చెయ్యెత్తింది వాడే.
"కర్త నానే మేడమ్. పంతులుగారన్నారు.
కర్మ మొన్న లక్ష్మివారం అయిపోనాది."

ఇరవయ్యొక్క ఏళ్లుగా చెబుతున్నాను ఈ పాఠం.
ఆ మాటలకి ఇంకో అర్థం ఉందని తెలియక కాదు.
దాన్ని బడి గేటు దగ్గరే వదిలి రావడం నేర్చుకున్నాను,
చెప్పులు విడిచినట్టు.

పుస్తకం మూశాను.

"మనిషి దొరకలేదు మేడమ్.
పడవ చెక్కలు రెండు భీమిలి దాటేక దొరికేయి.
గడ్డితో బొమ్మ కట్టి నాన్న గళ్లచొక్కా తొడిగేరు.
బొత్తాలు నానే పెట్టేను.
మూడోది లేదు, ఎప్పుడో ఊడిపోనాది.
అగ్గెడితే బేగి కాలిపోనాది.
గడ్డే కదా."

ప్రభుదాసు వాళ్ల నాన్న జ్ఞానాపురంలో గోతులు తవ్వుతాడు.
ఎండాకాలం రోజంతా పడుతుందట,
వాన పడితే మధ్యాహ్నానికల్లా అయిపోతుందట,
చిన్నపిల్లల గొయ్యి తవ్విన నాడు మాత్రం
ఇంటికొచ్చి అన్నం ముట్టడట.
ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పి కూర్చున్నాడు.

నస్రీన్‌ని దాదీ జనాజా వెంట వెళ్లనివ్వలేదు.
మేడెక్కి, బేకరీ మలుపు తిరిగేదాకా చూసింది.
తర్వాతేం చేశావని ఎవరో అడిగారు.
"బట్టలు ఆరిపోయి ఉన్నాయి. తీసుకుని కిందికొచ్చా."

కొండబాబు, లేవకుండానే,
"మా తాత పోయిన మర్నాడు నాను క్రికెట్టాడీసేను మేడమ్. పాపమా?"
కాదు అన్నాను.
"ఎన్ని కొట్టేవు?" అన్నాడు ఎల్లాజీ.
"పదకొండు."

అప్పుడు నేనూ చెప్పాను.
మర్రిపాలెం రైల్వే క్వార్టర్లలో, నా ఏడో యేట,
అమ్మ ఊరెళ్లింది అన్నారు.
ఏ ఊరో ఎవరూ చెప్పలేదు.
సాయంత్రం ప్యాసింజరు వేళకి గేటు దగ్గర నిలబడి
దిగిన వాళ్ల చీరలు చూసేదాన్ని.
రెండో తరగతి పరీక్షలయ్యాక గాని
అది ఊరు కాదని తెలియలేదు.
కోపం ఇంకా పోలేదు,
అమ్మ మీదా కాదు, నాన్న మీదా కాదు,
ఆ క్రియాపదం మీద.

అందుకని, వీళ్లకైనా సూటి మాట నేర్పుదామని
'చనిపోయాడు' అని రాసి, ఆగిపోయాను.
చనడమంటే వెళ్లడమే.
వెళ్లి, వెళ్లాడు.
అంత పెద్ద భాషకీ నోరు రాలేదు.
సూటి మాట ఒకటుంది,
దాన్ని తిట్టు కింద వాడేసుకున్నాం.

గంట కొట్టారు.
మిగతావాళ్లు కుళాయి వైపు పరిగెత్తారు,
నీళ్లు వచ్చేది ఆ పావుగంటే.
ఎల్లాజీ నోటుబుక్కు పట్టుకుని బల్ల దగ్గరికొచ్చాడు.
"మేడమ్, 'పోయాడు' అకర్మక క్రియే కదా,
కర్మ అక్కర్లేదని కిందటేడు మీరే చెప్పేరు.
మరి ఎందుకు చేసేం?"

తెలీదు నాన్నా, అన్నాను.
వాడు తలూపాడు, లెక్క సరిపోయినట్టు.

గుమ్మం దాకా వెళ్లి మళ్లీ,
"మాయమ్మ ఇంకా వేటకి పోనాడనే అంటాది.
'వేటకి' కొట్టీమని చెప్పాలేటి?"

వద్దన్నాను.

డైరీలో ఆ పూట పాఠం ఎదురుగా
'మిగిలింది రేపు' అని రాశాను.